అంబులెన్సు ముందు బైకులతో ఎస్కార్టు వెళ్లడం తప్పా? ఒక రిటైర్డ్ ట్రాఫిక్ ఎస్సై జవాబు

తమ్ముడూ, వయసులో పెద్దవాణ్ణి కాబట్టి 'నువ్వు' అనే రాస్తున్నాను. నీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, తర్వాత చదివేవాళ్లకు తెలుస్తుంది. మీ మేనమామకు గుండెపోటు వచ్చింది. ఎల్బీనగర్ దగ్గరి ఆసుపత్రి నుంచి పంజాగుట్టకు ప్రైవేటు అంబులెన్సులో తరలిస్తుంటే నువ్వూ నీ స్నేహితులూ రెండు బైకుల మీద ముందు వెళ్లారు. హారన్ కొడుతూ, చేతులు ఊపుతూ దారి చేశారు. సిగ్నళ్లు దాటారు, మొత్తం మూడు ఈ-చలాన్లు వచ్చాయి. మలక్‌పేటలో ఒక కానిస్టేబుల్ ఆపి తిట్టాడు. మలక్‌పేట నుంచి చాదర్‌ఘాట్ దాకా అంబులెన్సు ముందు పక్కకు జరగకుండా నడిచిన తెల్ల కారుకు మాత్రం ఏమీ కాలేదు. "దారి ఇవ్వనివాణ్ణి వదిలేసి, దారి చేసినవాణ్ణి పట్టుకోవడం ఏం న్యాయం?" అని అడిగావు.

నేను ట్రాఫిక్‌లో ఇరవై ఆరేళ్లు చేసి రిటైరయ్యాను. అందులో పదకొండేళ్లు నువ్వు చెప్పిన రూట్లోనే. నీ కోపం నాకు అర్థమవుతుంది. సూటిగా చెప్పాలంటే, తెల్ల కారు వాడిది తప్పు, మామూలు తప్పు కాదు. మీ బైకులదీ తప్పే. అతని తప్పు వల్ల మీ తప్పు పోదు.

ముందు తెల్ల కారు సంగతి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 194ఇ అనే సెక్షన్ కొత్తగా చేర్చారు. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఫైరింజను, అంబులెన్సు, లేదా రాష్ట్ర ప్రభుత్వం పేర్కొన్న మరో అత్యవసర వాహనం వస్తున్నప్పుడు రోడ్డు పక్కకు జరిగి దారి ఇవ్వకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అంతకు ముందు కూడా పక్కకు జరగాలనే నిబంధన ఉండేది. 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే ఉంది. కానీ దానికంటూ వేరే శిక్ష లేదు. 177 సెక్షన్ కింద మొదటిసారైతే 100 రూపాయల దాకా రాసేవాళ్లం. అంబులెన్సును ఆపినవాడికీ, చిన్నాచితకా తప్పు చేసినవాడికీ ఒకే చీటీ. అలా రాస్తున్నప్పుడు నాకే చేయి ఆడేది కాదు.

ఇప్పుడు మీ బైకులు. అంబులెన్సుకు ఎర్ర లైటు దాటే వెసులుబాటు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. 2017లో వచ్చిన డ్రైవింగ్ రెగ్యులేషన్లలో అత్యవసర పని మీద వెళ్తున్న వాహనాలకు దారి హక్కు ఇచ్చారు. ఎర్ర లైటు దాటవచ్చు, స్పీడు లిమిట్ మించవచ్చు, అవసరమైతే రోడ్డు అంచు మీదా, ఎదురు దిశలోనూ నడపవచ్చు. అయితే తగిన జాగ్రత్త తీసుకుంటూ నడపాలనే షరతు కూడా అందులోనే ఉంది. ఈ వెసులుబాటు ఆ వాహనానికీ, దాన్ని నడిపే డ్రైవరుకూ మాత్రమే. దాని ముందున్న బైకుకు లేదు, వెనక అంటుకుని వచ్చే బంధువుల కారుకూ లేదు. రోగి కొడుకైనా, స్నేహితుడైనా, కార్పొరేటరైనా లెక్క ఒక్కటే.

చాలామంది యువకులు ఇక్కడ ఒక పొరపాటు పడుతున్నారు. "సహాయం చేసినవాళ్లను పోలీసులు ఏమీ అనకూడదని చట్టం వచ్చింది కదా" అంటారు. వాళ్లు చెప్పేది మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ గురించి. అది ప్రమాదంలో దెబ్బతిన్నవాడికి మంచి మనసుతో అక్కడికక్కడ సాయం చేసినవాళ్లకు రక్షణ. సాయం చేస్తుండగా పొరపాటు జరిగినా కేసుల్లో ఇరికించకూడదని దాని ఉద్దేశం. సిగ్నల్ దాటిన బైకుకు అది వర్తించదు. ఎర్ర లైటు దాటడం, ఎదురు దిశలో రావడం 184 సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగ్‌గానూ లెక్కించవచ్చు. ఆ ఊపులో ఎవరినైనా గుద్దితే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 281, 125 సెక్షన్లు కూడా పడతాయి. మా మామ ప్రాణం కోసం అని కోర్టులో చెప్పుకోవచ్చు, జడ్జి వింటారు కూడా. కానీ గుద్దించుకున్న మనిషి కాలు అతికించడానికి ఆ మాట పనికిరాదు.

బైకుకు సైరన్ బిగించుకుని, ఎరుపు నీలం లైట్లు పెట్టుకుని తిరిగేవాళ్లుంటారు. రకరకాల స్వరాల హారన్ ఎవరెవరి వాహనాలకు ఉండవచ్చో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 119వ నిబంధన చెబుతుంది. అంబులెన్సు, ఫైరు, పోలీసు లాంటివి. లైట్ల సంగతి 108వ నిబంధన. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఎర్ర బుగ్గల మీద, సైరన్ల మీద గట్టి తీర్పు ఇచ్చింది. 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీద బుగ్గలే పోయాయి. మంత్రికే లేనిది మన బైకుకు ఎలా ఉంటుంది? అలాంటి బైకు దొరికితే నేను సైరన్ విప్పించి, సామాను జప్తు చేసి పంపేవాణ్ణి. ఇక నువ్వు చేసినట్టు హెడ్‌లైటు కొట్టడం, నాలుగు ఇండికేటర్లు వేయడం నేరం కాకపోవచ్చు గానీ, వాటివల్ల పిసరంత హక్కు కూడా రాదు.

చట్టం ఇంతే. మలక్‌పేట కానిస్టేబుల్ ఎందుకు తిట్టాడో తెలియాలంటే మాత్రం జంక్షన్లో అతను నిలబడే చోట నిలబడి చూడాలి.

సైరన్ వినగానే కానిస్టేబుల్ మొదట చూసేది ఏ వైపు నుంచి వస్తోందని. అది తెలిసేలోపు వైర్‌లెస్ సెట్‌లో వెనక జంక్షన్ వాడు చెప్తే సగం పని అయినట్టే. అంబులెన్సు ఎప్పుడూ బండ్ల వెనకే ఉంటుంది. దాని ముందు యాభై, అరవై బండ్లు ఆగి ఉంటాయి. వాటిని పక్కకు తోసి అంబులెన్సును దూర్చాలని చూస్తే ఎక్కడివక్కడ ఇరుక్కుంటాయి. చేయాల్సింది అది కాదు. సిగ్నల్‌ను మాన్యువల్‌లో పెట్టి, అడ్డం వచ్చే రోడ్లు రెండూ ఆపి, అంబులెన్సు ఉన్న వైపు మొత్తం వదిలేయాలి. ముందున్న బండ్లన్నీ ప్రవాహంలా కదిలితే వాటితోపాటు అంబులెన్సూ కదులుతుంది. మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద, చాదర్‌ఘాట్ వంతెన మీద పక్కకు జరగడానికి అసలు చోటే ఉండదు. అక్కడ ఇదొక్కటే దారి.

ఇప్పుడు మీ బైకులు ఆ సీన్లోకి వచ్చాయి అనుకో. అంబులెన్సుకు వంద మీటర్ల ముందు ఇద్దరు కుర్రాళ్లు హారన్ కొడుతూ ఎర్ర లైటు దాటి వచ్చారు. అడ్డం వచ్చే ఆటోవాడికి వాళ్లు ఎస్కార్టు అని ఎలా తెలుస్తుంది? ఎవరో ఆకతాయిలు అనుకుంటాడు. బ్రేకు వేసి, తిట్టి, వాళ్లు పోగానే మళ్లీ కదులుతాడు. సరిగ్గా అప్పుడే అంబులెన్సు వస్తుంది. ఇటు అంబులెన్సు డ్రైవరు, ముందు బైకులు దాటాయి కదా, క్లియర్‌గా ఉందనుకుని, మామూలుగా జంక్షన్లో తగ్గించే స్పీడు తగ్గించడు. ఒకడు బండి కదిపాడు, ఇంకొకడు స్పీడు తగ్గించలేదు. ఇద్దరూ మిమ్మల్ని చూసే ఆ నిర్ణయం తీసుకున్నారు.

ఇది నేను ఊహించి చెప్పడం లేదు. చాదర్‌ఘాట్‌లో డ్యూటీలో ఉండగా ఒక సాయంత్రం అచ్చం ఇలాగే జరిగింది. రెండు బైకులు, వెనక అంబులెన్సు. మొదటి బైకు దాటింది. రెండో బైకును అడ్డంగా వచ్చిన ట్రాలీ ఆటో వెనక చక్రం దగ్గర తాకింది. బైకు గిర్రున తిరిగి అంబులెన్సు ముందుకు వచ్చి పడింది. డ్రైవరు బ్రేకు వేశాడు, కానీ బైకు హ్యాండిల్ ముందు బంపరు కిందికి పోయి ఇరుక్కుంది. అబ్బాయి రెండు గజాల అవతల పడ్డాడు. ఒక చెప్పు కాలికే ఉంది, ఒకటి డివైడర్ దగ్గర ఉంది. చొక్కా జేబులో ఫోను మోగుతూనే ఉంది. నేనూ, ఇద్దరు హోంగార్డులూ, ఒక కొబ్బరిబొండాల అతనూ కలిసి బైకును లాగడానికి చూస్తే రాదు. అంబులెన్సును వెనక్కి తీద్దామంటే వెనక అంటుకుని బంధువుల కార్లు రెండు, వాటి వెనక సిటీ బస్సు. లోపల ఆక్సిజన్ మీద ఒక పెద్దామె. వెనక తలుపు తెరుచుకుని ఆమె కూతురు దిగి, రోడ్డు మీద పడిన అబ్బాయిని చూసి పెట్టిన కేక నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆ అబ్బాయి ఆమె తమ్ముడు. లోపలున్న పెద్దామె కొడుకు.

ఆ అంబులెన్సు మళ్లీ కదలడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. ఎస్కార్టు లేకుండా వచ్చి ఉంటే ఆ జంక్షన్ నేను ముప్పై సెకన్లలో దాటించేవాణ్ణి. అప్పటికే సెట్‌లో మాట వచ్చింది, నా చేయి స్విచ్ మీదే ఉంది.

అందుకే ఆ కానిస్టేబుల్ నిన్ను తిట్టాడు. మాట కటువుగా వచ్చి ఉంటే అతని తరఫున నేను సారీ చెప్తున్నాను. కానీ ఆపడం మాత్రం సరైన పనే.

"మరి గుండెను తరలించేటప్పుడు మీ పోలీసులే ముందు వెళ్తారు కదా" అని అడగొచ్చు. అవును, గ్రీన్ ఛానల్ అంటాం. అవయవదానంలో తీసిన గుండె బయట దాదాపు నాలుగు గంటలే నిలుస్తుంది కాబట్టి ప్రతి నిమిషం లెక్కే. చూసేవాళ్లకు ముందు వెళ్లే పోలీసు బండి కనిపిస్తుంది. అసలు పని ఆ బండిది కాదు. బయలుదేరకముందే రూటు ఖరారవుతుంది, ప్రతి జంక్షన్‌కూ టైము చెప్తారు, అడ్డం వచ్చే రోడ్లను ముందే ఆపుతారు. అంబులెన్సు విపరీతమైన స్పీడులో పోవాల్సిన పనే ఉండదు, ఎక్కడా ఆగకపోతే చాలు. 2021 ఫిబ్రవరిలో ఒక గుండెను నాగోలు నుంచి జూబ్లీహిల్స్ దాకా మెట్రో రైల్లో తీసుకెళ్లారు. మధ్యలో ఏ స్టేషన్లోనూ ఆపలేదు. అక్కడా కిటుకు అదే. ఆపకుండా పోనివ్వడం.

అలాగని మనిషి ముందు నడిస్తే ఉపయోగం లేదని కాదు. 2020 నవంబరులో అబిడ్స్ జీపీవో నుంచి కోఠి వైపు ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ అంబులెన్సు ముందు దాదాపు రెండు కిలోమీటర్లు పరుగెత్తి దారి చేశాడు. వీడియో అందరూ చూశారు, కమిషనర్ సన్మానం చేశారు. ఆ వీడియో మళ్లీ చూడు. ఆయన కాలినడకన ఉన్నాడు, అంటే బండ్ల కన్నా వేగంగా లేడు. ఒంటి మీద యూనిఫాం ఉంది. ప్రతి డ్రైవరు దగ్గరికీ వెళ్లి అటు జరుగు, ఇటు జరుగు అని చెప్తున్నాడు. అది చూసి స్ఫూర్తి పొందినవాళ్లు బైకు ఎక్కడం నాకు బాధగా ఉంటుంది.

ఈ సమస్య మన ఊరిదే కాదు. ఇండోనేషియాలో అంబులెన్సులకు బైకుల మీద ఎస్కార్టు వెళ్లే కుర్రాళ్ల సంఘాలే ఉన్నాయి, మంచి ఉద్దేశంతోనే చేస్తారు. అక్కడి 2009 నాటి ట్రాఫిక్ చట్టం ఫైరింజనుకు, రోగి ఉన్న అంబులెన్సుకు, చివరికి శవయాత్రకు కూడా దారి హక్కు ఇచ్చింది. కానీ ఎస్కార్టు పని మాత్రం పోలీసులదే అని రాసింది. ఎస్కార్టు మీద అక్కడా ఇదే వాదన.

ఇక జనం ఎందుకు జరగరు అన్నది. పొగరుబోతులు ఉంటారు, కాదనను. కానీ నేను ఆపి అడిగినవాళ్లలో ఎక్కువమంది చెప్పింది ఒకే మాట: "లోపల పేషెంట్ ఉన్నాడని నమ్మకం ఏంటి సార్?" 2023 జులైలో నారాయణగూడలో ఒక అంబులెన్సు సైరన్ వేసుకుని జంక్షన్ దాటింది. కానిస్టేబుల్ దారి ఇచ్చాడు. కాస్త ముందుకు వెళ్లి చూస్తే బండి ఆపి మిర్చి బజ్జీలు, కూల్ డ్రింకులు తీసుకుంటున్నారు. ఆ వీడియోను పోలీసు శాఖే విడుదల చేసింది. అలాంటిది ఒక్కటి జరిగితే వందమంది డ్రైవర్లు ఆ తర్వాత ఏడాది పాటు సైరన్‌ను నమ్మరు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలైన కొత్తల్లో ఆ కూత వింటే ఆటోవాళ్లు కూడా ఫుట్‌పాత్ ఎక్కించేవాళ్లు. నా కళ్లతో చూశాను. 108లో డ్రైవరును పైలట్ అంటారు. పాత పైలట్లలో చాలామంది రోగిని దించి తిరిగి వెళ్లేటప్పుడు సైరన్ ఆపేసి, సిగ్నల్లో అందరితోపాటు ఆగేవాళ్లు. అవసరం లేని సైరన్‌కు జరిమానా రాయడం కూడా 194ఇ అమలులో భాగమే అని నేను గట్టిగా నమ్ముతాను. ఖాళీ బండికి చలాన్ రాస్తే రేపు నిండు బండికి దారి దొరుకుతుంది.

తెల్ల కారు మీద కేసు ఎందుకు పడలేదన్నావు. నిజం చెప్తాను. ఆ క్షణంలో కానిస్టేబుల్ పని అంబులెన్సును దాటించడం. దాన్ని వదిలి కారు వెంట పడితే జంక్షన్ ఆగిపోతుంది. పైలట్ ఫిర్యాదు ఇవ్వడు, అప్పటికే ఇంకో కాల్ మీద ఉంటాడు. రోగి బంధువులకు ఆ రోజు ఇవేవీ గుర్తుండవు. అందుకే సెక్షన్ ఉన్నా కేసులు తక్కువ. నీ స్నేహితుడు తీసిన ఒక ఫొటో చాలదు. ఫొటోలో ముందు కారు, వెనక అంబులెన్సు ఉంటే అందరూ సిగ్నల్లో ఆగారని కూడా అనుకోవచ్చు. కేసు నిలబడాలంటే సైరన్ వినిపిస్తూ, లైటు కనిపిస్తూ, కారుకు ఎడమ వైపు జరగడానికి చోటున్నా జరగలేదని తెలిసే వీడియో కావాలి. నంబరు ప్లేటు, చోటు, టైము స్పష్టంగా ఉండాలి. అంబులెన్సు ముందు అద్దానికి డాష్‌కామ్, అంటే రోడ్డును రికార్డు చేసే కెమెరా, ఉందేమో కనుక్కో. చాలా ప్రైవేటు బండ్లకు ఇప్పుడు ఉంటోంది. ఆ ముక్క సంపాదించి, అంబులెన్సు నంబరు, ఆసుపత్రి రిఫరల్ కాగితం కాపీ జతచేసి ఆ ఏరియా ట్రాఫిక్ పోలీస్ స్టేషన్లో రాతపూర్వకంగా ఇవ్వు. త్వరగా ఇవ్వు, జంక్షన్ కెమెరాల రికార్డింగు ఎప్పటికీ ఉండదు. ఇలాంటి ఫిర్యాదు వస్తే నేను కారు యజమానిని పిలిపించి వీడియో చూపించేవాణ్ణి. ఒకాయన చూసి చాలాసేపు తల ఎత్తలేదు. ఏసీ వేసుకుని, అద్దాలు ఎత్తి, పాటలు పెట్టుకున్నాడట. సైరన్ వినపడలేదన్నది నిజమే. ఫైన్ కట్టించాను, ఎందుకంటే రియర్ వ్యూ అద్దం చూసుకోవడం కూడా డ్రైవింగే.

నీ చలాన్ల విషయం. మూడింటిలో రెండు మీరు ముందు వెళ్తూ సిగ్నల్ దాటినవి. అవి కట్టేయమనే చెప్తాను. మూడోది నువ్వు రాసిన దాన్నిబట్టి వేరు. అక్కడ నీ స్నేహితుడు సిగ్నల్లో ఆగి ఉన్నాడు, వెనక అంబులెన్సు వచ్చింది, దానికి దారి ఇవ్వడానికి స్టాప్ లైను దాటి ఎడమకు జరిగి మళ్లీ ఆగాడు. కెమెరా లైను దాటిన ఫొటో తీసింది. అది మాఫీ అడగదగ్గ కేసు. ఈ-చలాన్ వెబ్‌సైటులో అభ్యంతరం పెట్టే చోటు ఉంటుంది. ఆ టైముకు ఆ జంక్షన్లో అంబులెన్సు ఉందని రాసి, రిఫరల్ కాగితం జతచెయ్యి. అదే కెమెరాలో ముందు వెనక కొన్ని సెకన్లు చూస్తే నిజం తెలిసిపోతుంది. నేను ఉన్నప్పుడు ఇలాంటివి తీసేసేవాళ్లం. అంబులెన్సుకు జరిగినవాడికి చలాన్ పడితే రెండోసారి ఎవడూ జరగడు. చదివేవాళ్లందరికీ చెప్తున్నాను, వెనక సైరన్ వస్తే లైను దాటడానికి భయపడకండి. మెల్లగా, ఎడమకు, అడ్డం వచ్చేవాళ్లను చూసుకుంటూ జరిగి ఆగండి. జంక్షన్ మొత్తం దాటేసి పోకండి.

మళ్లీ ఇలాంటి అవసరం రాకూడదు గానీ, వస్తే మీ నలుగురూ చేయగలిగింది చాలా ఉంది. అంబులెన్సు బయలుదేరే ముందే ఒకరు 100కో 112కో చేసి బండి నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ రూట్లో, ఎన్నింటికి బయలుదేరుతోందో చెప్పాలి. "గుండెపోటు, వేరే ఆసుపత్రికి షిఫ్టింగ్" అని రెండు ముక్కల్లో చెప్పండి. కంట్రోల్ రూమ్ నుంచి సెట్‌లో మాట పోతే దారిలో ఉన్న ప్రతి జంక్షన్ వాడికీ ఒకేసారి తెలుస్తుంది. ఇంకొకరు డ్రైవరు పక్కన కూర్చుని ఫోను చూసుకోవాలి, డ్రైవరు చేతికి ఫోను వెళ్లకూడదు. మిగతా ఇద్దరు అరగంట ముందే పెద్ద ఆసుపత్రికి వెళ్లి క్యాజువాలిటీలో పేరు రాయించి, కాగితాలు చూపించి, స్ట్రెచర్ గేటు దగ్గరికి తెప్పించి నిలబడాలి. రోడ్డు మీద ప్రాణాలకు తెగించి రెండు నిమిషాలు సంపాదిస్తే, లిఫ్టు దగ్గర పది నిమిషాలు పోవడం చూశాను. వెనక కారులో వచ్చేవాళ్లు అంబులెన్సుకు కనీసం యాభై మీటర్లు ఎడం ఉండండి, సిగ్నల్ పడితే ఆగండి.

అంబులెన్సు దొరక్క సొంత కారులో తీసుకెళ్లాల్సి వస్తే, మొదటి జంక్షన్లోనే అద్దం దించి కానిస్టేబుల్‌తో "పేషెంట్ ఉన్నాడు, ఫలానా ఆసుపత్రి" అని చెప్పండి. కారుకు చట్టంలో దారి హక్కు లేదు. కానీ వెనక సీట్లో మనిషిని చూసి స్విచ్ మీద చేయి వేయని కానిస్టేబుల్‌ను నా ఇరవై ఆరేళ్లలో నేను చూడలేదు. పైగా తర్వాతి జంక్షన్ వాడికి సెట్‌లో చెప్పి పంపిస్తాడు.

ఇంకొక్కటి. తెల్ల కారు ఫొటో నీ స్నేహితుడు తీశాడన్నావు. వెనక కూర్చున్నవాడు తీసి ఉంటే సరే. బైకు నడుపుతూ తీసి ఉంటే మాత్రం అతణ్ణి ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడు. ఫిర్యాదుకు ఆ ఫొటో కాకుండా డాష్‌కామ్ వీడియోనే వాడండి. మీ మామయ్యకు స్టెంట్ వేశారని రాశావు. చెకప్‌కు వెళ్లేటప్పుడు ఆ రోజు నడిపిన అంబులెన్సు డ్రైవరు నంబరు తీసుకో, వీడియో సంగతి ఆయనకే బాగా తెలుస్తుంది.